కలిసి మోసిన బరువు: ఒక లాటిన్ మాట చరిత్ర



ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి స్మృతికి అంకితమైన ఈ సభలో మాట్లాడమన్నప్పుడు ద్రావిడ ధాతువుల జోలికి వెళ్లనని నిర్వాహకులకు ముందే మనవి చేశాను. 1961లో వెలువడిన 'తెలుగు వెర్బల్ బేసెస్' మొదలు 2003 నాటి 'ది ద్రవిడియన్ లాంగ్వేజెస్' దాకా ఆయన సాగించిన కృషిని తూచగలవారు ఈ సభలోనే ఉన్నారు. నాకు ప్రశ్న అందించింది ఆయన మరో పని. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ కోసం ఆయన చేపట్టిన మాండలిక వృత్తిపదకోశంలో వ్యవసాయ సంపుటం 1962లో వచ్చింది, చేనేత సంపుటం 1971లో వచ్చింది. కర్రు, మేడి, నొగ, కాడి అంటూ నాగలి భాగాలకు జిల్లా మారితే పేరెలా మారుతుందో రైతుల నోట విని రాసుకున్న నిఘంటువు అది. ప్రశ్నావళి తయారుచేసినవారు ఒకరు, ఊళ్లు తిరిగి అడిగినవారు మరొకరు, కార్డులు పేర్చి సరిచూసినవారు ఇంకొకరు. వీరందరికంటే ముందు, పని ఆపి గట్టు మీద నిలబడి ఓపిగ్గా జవాబు చెప్పిన రైతులున్నారు. ఇలాంటి పనిని ఇవాళ అందరూ ఒక్క ఇంగ్లీషు మాటతో చెప్పేస్తున్నారు: కొలాబరేషన్. విశ్వవిద్యాలయాల ఒప్పందాల్లో ఈ మాట ఉంది, సాఫ్ట్‌వేర్ కంపెనీల గోడల మీద ఉంది. యూట్యూబ్ ఛానెళ్లు నడిపే యువకులు దాన్ని 'కొలాబ్' అని తుంచి వాడుకుంటున్నారు.

ఇంత తేలిగ్గా నోట పలుకుతున్న మాట పుట్టినప్పుడు తేలికైనది కాదు. దాని కడుపులో మొదట రెండు అర్థాలు అంటిపెట్టుకుని ఉన్నాయి. కలిసి బరువు మోయడం ఒకటి. మోసినవారికి ఫలంలో పాలు ఉండటం రెండోది. పద్దెనిమిది వందల ఏళ్లలో ఆ రెండూ ఎక్కడ కలిసి నడిచాయి, ఎక్కడ విడిపోయాయి అన్నదే ఈ ఉపన్యాస విషయం. విడిపోయిన ప్రతిచోటా ఎవరో ఒకరు నష్టపోయారని నా వాదన.

ముందు రోముకు వెళదాం. లాటిన్‌లో 'లాబొర్' అంటే పని అని సరిపెట్టుకుంటే మాట సగమే అందుతుంది. చేసి ముగించిన పనికి వారికి 'ఓపుస్' అనే వేరే మాట ఉంది. కట్టిన గోడ ఓపుస్, రాసిన కావ్యం ఓపుస్. కోఆపరేషన్ అన్నది ఆ వంశపు మాట. లాబొర్ సంగతి అలా కాదు. అది చేసేవాడి ఒంటికి తెలిసేది. రోగంతో తీసుకుంటున్న మనిషికీ, తుఫానులో చిక్కిన ఓడకూ కూడా లాటిన్ వారు ఇదే క్రియ వాడారు. గ్రహణవేళ చంద్రుడు 'లాబొర్' పడుతున్నాడనేవారు. ఆ అవస్థ నుంచి గట్టెక్కించడానికి కింద జనం కంచుపాత్రలు మోగించేవారు. పళ్లెంలో రోకలి నిలబెట్టి గ్రహణం విడిచేదాకా చూసే అలవాటున్న మనకు ఆ దృశ్యం కొత్తగా తోచదు.

ఈ మాటను నిలబెట్టి పరీక్షించినవాడు రోమన్ వక్త సిసిరో. క్రీస్తుపూర్వం 45లో కూతురు తుల్లియా చనిపోయింది. ఆ దుఃఖంలోనే ఆయన టుస్కులం సంవాదాలు రాశాడు. అందులో రెండో భాగం బాధను గురించినది. లాబొర్ వేరు, నొప్పి వేరు, ఈ రెంటికీ ఒకే మాటతో సరిపెట్టుకున్న గ్రీకుల భాష ఇక్కడ మనకంటే పేదది అంటాడాయన. గ్రీకులది 'పోనోస్' అన్న మాట. తన వాదానికి ఉదాహరణగా సేనాని గాయుస్ మారియుస్‌ను తెచ్చాడు. కాళ్లలో ఉబ్బిన నరాలను వైద్యుడు కోస్తున్నప్పుడు మారియుస్ అనుభవించింది నొప్పి. మండుటెండలో సైన్యాన్ని నడిపించుకుపోయినప్పుడు ఆయన పడింది లాబొర్. ఒకటి మనిషికి జరిగేది, రెండోది మనిషి తలకెత్తుకునేది. ఈ తగువులో మన తెలుగు గ్రీకుల పక్షాన నిలుస్తుంది. కష్టపడి చదివాడంటాం, కష్టాల్లో ఉన్నాడంటాం. సిసిరో వింటే మన భాషనూ పేదదనే అనేవాడేమో. ఒకే మాట రెంటినీ మోయడం పేదరికం కాదని నేననుకుంటాను.

అదే సిసిరో మరుసటి ఏడు కొడుక్కి ధర్మాలు బోధిస్తూ మరో పుస్తకం రాశాడు. ఏ వృత్తులు పెద్దమనిషికి తగినవి, ఏవి కావు అని అందులో ఒక పట్టిక ఉంది. నైపుణ్యాన్ని కాక ఒంటి శ్రమను అమ్ముకునే కూలివాడి పని హీనమైనది, అతని చేతిలో పడే కూలి అతని దాస్యానికి ఇచ్చిన బయానా అని ఆయన తీర్పు. సేనాని ఎండలో నడిస్తే లాబొర్ గౌరవం. కూలివాడు అదే ఎండలో రాయి మోస్తే అది దాస్యం. ఇంత నిక్కచ్చిగా గీత గీసిన సమాజానికి 'కలిసి లాబొర్ పడటం' అనే క్రియతో అవసరమేముంది? అధికారం పంచుకోవడానికి మాత్రం వారి దగ్గర పక్కా మాట ఉంది. ఏటా ఎన్నికయ్యే ఇద్దరు కాన్సుళ్లు ఒకరికొకరు 'కొల్లేగా'. నేటి కొలీగ్ అక్కడి నుంచి వచ్చినవాడే. పదవిని పంచుకున్నవారికి పేరుంది, బరువును పంచుకున్నవారికి లేదు. ఈ లోటు యాదృచ్ఛికమని నేను నమ్మను.

ఆ క్రియ కోసం మనం సముద్రం దాటి ఆఫ్రికా ఉత్తర తీరానికి, కార్తేజ్ నగరానికి వెళ్లాలి. లాటిన్ నిఘంటువులు 'కొల్లాబొరారె' అనే క్రియకు తొలి ప్రయోగంగా చూపేది అక్కడి క్రైస్తవ రచయిత టెర్టులియన్‌ను. కాలం మూడో శతాబ్దం తొలినాళ్లు. ఆయన రాస్తున్నది పశ్చాత్తాపం గురించి. ఆనాటి సంఘంలో తప్పు చేసినవారు నలుగురి ముందూ నిలబడి ఒప్పుకోవాలి. సిగ్గుతో వెనుకాడేవారికి ఆయన ధైర్యం చెబుతున్నాడు. సంఘమంతా ఒకే శరీరం కదా, ఒక అవయవం బాధపడుతుంటే మిగతా శరీరం ఎలా సంతోషించగలదు, శరీరమంతా కలిసి నొచ్చుకోవాలి, మందు దొరికేదాకా కలిసి శ్రమించాలి, అన్నది ఆ మాటల సారం. సిసిరో ఏరి వేరుచేసిన జంటే ఇక్కడ మళ్లీ పక్కపక్కన నిలబడింది. నొప్పికి 'కలిసి' అన్న ఉపసర్గ చేరింది, లాబొర్‌కూ చేరింది. మొదటిది తర్వాతి కాలంలో సంతాపం తెలిపే కండోలెన్స్ అయింది, రెండోది కొలాబరేషన్. రెండూ ఒకే వాక్యంలో వెలుగు చూసిన మాటలు.

లాటిన్ బైబిల్‌లో ఇదే క్రియ మరో కీలకమైన చోట కనిపిస్తుంది. పౌలు పేర ఉన్న తిమోతి రెండో లేఖ ఒక ఖైదీ రాసినట్టుగా సాగుతుంది. నా సంకెళ్లను చూసి సిగ్గుపడవద్దు, సువార్త కోసం నువ్వూ కొల్లాబొర్ పడు, అని ఆ లేఖలో పిలుపు. గ్రీకు మూలంలో ఉన్న క్రియకు సూటి అర్థం 'నాతోపాటు కీడు అనుభవించు'. అనువాదకుడు దానికి సరిపోయే లాటిన్ మాటగా కొల్లాబొరారెను ఎంచుకున్నాడు. అంటే ఆనాటి చెవికి ఈ మాటలో వినిపించింది ఉత్సాహం కాదు, సంకెళ్లలో సగం. ఇవాళ కొలాబరేషన్ అనగానే నవ్వుముఖాల బృందాన్ని గోడబొమ్మగా వేసేవారు ఒకసారి ఈ లేఖ చదివితే మంచిది.

ఆరో శతాబ్దపు ఇటలీలో బెనెడిక్ట్ మఠనియమావళి మీద ఎక్కువసేపు ఆగను. ప్రార్థనకు అందులో 'దైవ ఓపుస్' అని పేరు, పొలం పనికి 'చేతుల లాబొర్' అని. పూటపూటకూ దేనికెంత వేళో విధించి ఉంది. పుస్తకం గానీ, రాత పలక గానీ, గంటం గానీ ఏ సన్యాసీ నాది అనకూడదన్నది ఆ నియమం. బరువు ఉమ్మడి, ఫలమూ ఉమ్మడి. అంత సూటి సమాధానం మఠం గోడల లోపలే సాధ్యమైంది.

గోడల వెలుపల ఏం జరిగిందో తెలిపే అపురూపమైన సాక్ష్యం ఒక చట్టంలో ఉంది. రైన్ నది ఒడ్డున, కొలోన్ పరిసరాల్లో స్థిరపడ్డ రిపువేరియన్ ఫ్రాంకుల చట్టం ఏడో శతాబ్దంలో లిఖితమైంది. హత్యకు ఎంత పరిహారం, వేలు తెగితే ఎంత అని లెక్కలు కట్టే కటువైన చట్టమది. అందులో 37వ ప్రకరణం పెళ్లాడిన స్త్రీ గురించి చెబుతుంది. భర్త ఆమె పేర పత్రమేదీ రాయకుండా పోతే, ఆమెకు 50 సోలిదులు (బంగారు నాణేలు) స్త్రీధనంగా ముట్టాలి. అక్కడితో ఆగలేదు. వారిద్దరూ కలిసి 'కొన్‌లాబొరారె' చేసిన సమస్తంలోనూ మూడో వంతు ఆమె హక్కుగా పొందాలి.

ఈ వాక్యం దగ్గర కాస్త ఆగుదాం. చట్టం రాసినవాడు క్రియకు ముందు 'సిముల్' అనే మాట వాడాడు. దానికి అర్థం 'కలిసి'. క్రియలోని 'కొన్' కూడా 'కలిసి' అనే కదా చెబుతుంది. ఒకే అర్థాన్ని రెండుసార్లు ఎందుకు పలికినట్టు? అప్పటికే ఉపసర్గలోని కలయిక అరిగిపోయింది కాబట్టి. ఆ క్రియ అప్పటికి 'శ్రమించి ఆర్జించు' అనే అర్థానికి జారింది. మనం 'వాడు నా కష్టం తిన్నాడు' అంటాం. అక్కడ కష్టమంటే పడిన శ్రమ కాదు, ఆ శ్రమ వల్ల చేతికొచ్చినది. ఫ్రాంకుల లాటిన్‌లో జరిగిందీ అదే. శ్రమ పేరు ఫలానికి అంటుకుంది. అందుకే 'కలిసి' అన్న మాటను చట్టకర్త మళ్లీ బయటి నుంచి తెచ్చుకోవలసి వచ్చింది. ఈ చిన్న ద్విరుక్తి వల్లే ఆ స్త్రీకి మూడో వంతు దక్కిందని నాకనిపిస్తుంది. కలిసి అన్న మాట విడిగా లేకపోతే ఆర్జన అంతా భర్తది అనడానికి దారి ఉండేది.

మూడో వంతే ఎందుకు, సగం ఎందుకు కాదు అని అడగవచ్చు. నిజమే, అది సమన్యాయం కాదు. కానీ దాన్ని తక్కువ చేసే ముందు మన ఇంటి సంగతి చూసుకోవాలి. భర్త గల్ఫ్‌లో ఉద్యోగం చేసి పంపిన డబ్బుతో కొన్న ఆస్తిలో ఇంటి పట్టున ఉన్న భార్యకు వాటా ఉందా అన్న తగాదా మద్రాసు హైకోర్టు ముందుకు వచ్చింది. ఇంటిచాకిరీ, పిల్లల పెంపకం ఆమె మోయబట్టే ఆయన బయట సంపాదించగలిగాడని, ఆ పరోక్ష సహాయాన్ని లెక్కలోకి తీసుకోవద్దని ఏ చట్టమూ చెప్పలేదని, కాబట్టి ఆ ఆస్తుల్లో కొన్నిటిలో ఆమెకు సమాన వాటా ఉందని కోర్టు 2023 జూన్‌లో తీర్పు చెప్పింది. కరీంనగర్‌లోనో, కడపలోనో, కోనసీమలోనో గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు మీద నడిచే ఇళ్లు ఎరిగినవారికి ఆ తీర్పు బరువు వేరుగా చెప్పనక్కరలేదు. గృహిణి శ్రమను ఆస్తి ఆర్జనగా గుర్తించే సూటి చట్టవాక్యం మన పుస్తకాల్లో లేనందువల్ల న్యాయమూర్తి దాన్ని వాదించి రాబట్టవలసి వచ్చింది. రైన్ ఒడ్డున ఆ వాక్యం రాసి అప్పటికి దాదాపు పద్నాలుగు వందల ఏళ్లు.

రిపువేరియన్ చట్టం తర్వాత నూటేభై ఏళ్లు గడిచాయి. ఫ్రాంకుల రాజు షార్లమేన్ కాలంలో, క్రీ.శ. 800 ప్రాంతంలో రాజుగారి భూముల నిర్వహణకు ఒక శాసనం వెలువడింది. 70 నిబంధనల ఈ శాసనానికి మిగిలిన రాతప్రతి ఒక్కటే, జర్మనీలో వోల్ఫెన్‌బ్యుట్టెల్ గ్రంథాలయంలో ఉంది. చదువుతుంటే ఆ కాలపు దివాణం పెరట్లోకి అడుగుపెట్టినట్టే ఉంటుంది. పందికొవ్వు, ఎండబెట్టిన మాంసం, వెన్న, వైన్ శుభ్రంగా తయారుచేయాలి. ద్రాక్షపళ్లను కాళ్లతో తొక్కరాదు. స్త్రీలు పనిచేసే నేతశాలకు వేళకు నార, ఉన్ని, నీలి రంగు, ఎర్ర రంగు, ఉన్ని దువ్వెనలు, సబ్బు అందించాలి. క్రిస్మస్ వచ్చేసరికి పెత్తందారు ఏడాది లెక్కలన్నీ విడివిడిగా రాసి పంపాలి. ఆరో నిబంధనలో మన మాట కనిపిస్తుంది. మొత్తం 'కొన్‌లాబొరాతుస్'లో పదో వంతు చర్చికి చెల్లించాలి.

ఇప్పుడది క్రియ కూడా కాదు, నామవాచకం. దానికి అర్థం దిగుబడి. ధాన్యం, వైన్, తేనె, నేతశాల నుంచి వచ్చే బట్ట, అన్నీ కొన్‌లాబొరాతుస్. పదో వంతు చర్చిది, మిగిలింది రాజుది. ఉన్ని దువ్విన స్త్రీల వాటా గురించి ఆ నిబంధనలో ఒక్క ముక్కా లేదు. ఒకే మాట ఒకచోట వితంతువు చేతికి హక్కు అందించింది, ఇంకోచోట రాజుగారి లెక్కపుస్తకంలో పద్దుగా ఒదిగింది. నేను చెప్పదలచిన విడాకులు మొదటిసారి నమోదైంది ఇక్కడే. ఆ తర్వాత రెండు వందల ఏళ్లకు లాన్ నగర బిషప్ అడల్బెరో రాజును ఉద్దేశించి రాసిన పద్యంలో సమాజాన్ని మూడుగా విభజించాడు. ప్రార్థించేవారు, పోరాడేవారు, లాబొర్ పడేవారు. మూడోవారు లేకపోతే మొదటి ఇద్దరికీ తిండి లేదని ఆయనే ఒప్పుకున్నాడు. ఒప్పుకుని ఆ ఏర్పాటును దైవనిర్ణయమన్నాడు. ఫ్రెంచిలో ఈ ధాతువు నుంచి వచ్చిన క్రియ చివరికి పొలం దున్నడానికే పరిమితమైంది.

అక్కడి నుంచి పద్దెనిమిదో శతాబ్దానికి ఒక్క అంగ వేస్తాను. పత్రికలు, నిఘంటువులు, నాటకశాలలు పెరిగిన ఫ్రాన్సులో 'కొలాబొరాతర్' అనే మాట రచనలో తోడుపడేవాడికి వాడుకైంది. తర్వాతి శతాబ్దంలో ఇంగ్లీషు దాన్ని అరువు తెచ్చుకుంది. అరువు వచ్చేనాటికి దాని మీద మట్టి లేదు, చెమట వాసన లేదు, ఉన్నదల్లా సిరా మరక. అయినా పాత ప్రశ్న మాత్రం వదల్లేదు.

ఫ్రెంచి నవలాకారుడు అలెగ్జాండర్ డ్యూమాకు, చరిత్ర మాస్టారు ఓగ్యుస్త్ మాకేకు మధ్య జరిగింది చూడండి. 'త్రీ మస్కెటీర్స్', 'ది కౌంట్ ఆఫ్ మాంటీ క్రిస్టో' 1844లో ధారావాహికలుగా మొదలయ్యాయి. మాకే చారిత్రక వివరాలు వెతికి, కథ అల్లి, తొలి చిత్తు రాసిచ్చేవాడు. డ్యూమా దాన్ని చేతిలోకి తీసుకుని ప్రాణం పోసేవాడు. పత్రికల యజమానులకు ఒక్క పేరే కావాలి, అదీ అమ్ముడుపోయే పేరు. 1845లో ఒక ప్రత్యర్థి 'డ్యూమా అండ్ కంపెనీ నవలల కర్మాగారం' అంటూ కరపత్రం అచ్చేశాడు. డ్యూమా నాయనమ్మ సెయింట్ డొమింగోలో బానిసగా బతికిన నల్లజాతి స్త్రీ. కరపత్రం ఆయన రంగును, పుట్టుకను ఎద్దేవా చేసింది. డ్యూమా దావా వేసి గెలిచాడు. తన పేరు అక్కరలేదని ఆ ఏడే మాకే రాసిచ్చాడు కూడా. కానీ పదమూడేళ్లకు, బకాయిలు పేరుకున్నాక, తానే కోర్టుకెక్కాడు. 1858లో కోర్టు డబ్బు ఇప్పించింది గానీ సహరచయితగా గుర్తించలేదు. పారిస్‌లోని పెర్ లషేజ్ శ్మశానంలో మాకే సమాధి మీద ఆ నవలల పేర్లు చెక్కి ఉన్నాయి. డ్యూమా అస్థికలను 2002లో ఫ్రాన్స్ ప్రభుత్వం జాతీయ లాంఛనాలతో పాంథియన్‌కు తరలించింది.

ఇందులో డ్యూమాను దొంగగా నిలబెట్టడం నాకు సమ్మతం కాదు. మాకే ఒంటరిగా రాసిన నవలలు ఉన్నాయి, అవి నిలవలేదు. అయితే ఫలం అన్నది ఇక్కడ డబ్బు, పేరు అని రెండుగా చీలిందని గమనించాలి. ఒకటి ముట్టింది కాబట్టి రెండోది అడగకూడదన్న న్యాయం అప్పుడు స్థిరపడింది. మన సినిమా రంగంలో ఘోస్టులని పిలిచే రచయితలు ఆ న్యాయం కిందే బతుకుతున్నారు.

1940లో ఈ మాట మీద పడ్డ మచ్చ వేరే జాతిది. జూన్ 22న కాంపియేన్ అడవిలో, 1918లో జర్మనీ తలవంచిన అదే రైలుపెట్టెలో, ఓడిపోయిన ఫ్రాన్స్ యుద్ధవిరమణ పత్రం మీద సంతకం చేసింది. ఆక్రమిత ప్రాంతంలోని ఫ్రెంచి అధికారులు జర్మన్ సైన్యంతో సక్రమంగా కొలాబరేట్ చేయాలని దాని మూడో అధికరణం విధించింది. అక్టోబరు 24న మొంత్వార్ అనే చిన్న రైల్వే స్టేషన్లో ఫ్రెంచి ప్రభుత్వాధినేత మార్షల్ పెతాఁ హిట్లర్‌తో కరచాలనం చేశాడు. 30వ తేదీన రేడియోలో మాట్లాడుతూ తాను కొలాబరేషన్ బాట పట్టానని ప్రజలకు ప్రకటించాడు. ఆజ్ఞగా వచ్చిన మాటను ఆయన సొంత సంకల్పంగా మార్చి చెప్పాడు. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాత్రం అన్న గణతంత్ర నినాదాన్ని తీసేసి ఆయన ప్రభుత్వం పెట్టుకున్న నినాదంలో మొదటి మాట శ్రమ, తర్వాత కుటుంబం, మాతృభూమి.

ఆ శ్రమ ఎవరిది, ఫలం ఎవరిది? ఆక్రమణ సైన్యం ఖర్చుల కింద ఫ్రాన్స్ రోజుకు 2 కోట్ల రైక్‌మార్కులు చెల్లించాలి. మార్కుకు 20 ఫ్రాంకుల చొప్పున రోజుకు 40 కోట్ల ఫ్రాంకులు. 1942లో ప్రధాని లావాల్ మరో పథకం తెచ్చాడు. ముగ్గురు నిపుణులైన కార్మికులు జర్మనీ కర్మాగారాలకు వెళితే ఒక యుద్ధఖైదీని వదిలిపెడతారు. స్వచ్ఛందంగా చాలినంతమంది కదలకపోయేసరికి 1943 ఫిబ్రవరి 16న నిర్బంధ శ్రమ చట్టం వచ్చింది. ఆరు లక్షల మందికి పైగా ఫ్రెంచి కార్మికులు సరిహద్దు దాటారు. అంతకు ముందే, 1942 జూలై 16, 17 తేదీల్లో, పారిస్‌లో సుమారు 13 వేల మంది యూదులను పట్టుకున్నది ఫ్రెంచి పోలీసులే. వారిలో నాలుగు వేలమందికి పైగా పిల్లలు. ఆ నేరంలో ఫ్రెంచి రాజ్యానికి పాలు ఉందని ఒక అధ్యక్షుడు బహిరంగంగా ఒప్పుకోవడానికి 1995 దాకా పట్టింది. షార్లమేన్ శాసనంలో మొదలైన విడిపోవడం ఇక్కడ చివరి మెట్టు దిగింది. బరువంతా ఒకవైపు, ఫలమంతా ఇంకోవైపు. ఆ ఏర్పాటును నడిపినవారే దానికి కలిసి శ్రమించడమని పేరు పెట్టుకున్నారు.

జర్మన్ ఆక్రమణ నుంచి విముక్తి తర్వాత లెక్కలు తేల్చిన తీరూ న్యాయంగా లేదు. ఫ్రెంచివారు మాటను 'కొలాబో' అని విరిచి తిట్టుగా మార్చారు. శత్రువులతో తిరిగారన్న ఆరోపణ మీద సుమారు 20 వేల మంది స్త్రీలకు నడివీధుల్లో తలలు గొరిగారు. లావాల్‌ను 1945 అక్టోబరులో కాల్చి చంపారు. కానీ బోర్డో ప్రాంతం నుంచి యూదుల తరలింపు పత్రాల మీద సంతకాలు పెట్టిన అధికారి మోరీస్ పాపోఁ యుద్ధం తర్వాత పోలీసు అధిపతి అయ్యాడు, మంత్రీ అయ్యాడు, 1998లో గానీ అతనికి శిక్ష పడలేదు. తలలు గొరిగించుకున్నవారికి వాయిదాలు దొరకలేదు.

ఇంత మచ్చపడ్డ మాట మళ్లీ సభ్యసమాజంలోకి ఎలా వచ్చింది? దానికి అనేక దారులున్నాయి, నాకు ముఖ్యమనిపించేది ఒకటి. యుద్ధం ముగిసి తొమ్మిదేళ్లకే, 1954లో, జెనీవా పొలిమేరల్లో సెర్న్ భౌతికశాస్త్ర ప్రయోగశాల ఏర్పడింది. పన్నెండు వ్యవస్థాపక దేశాల్లో ఫ్రాన్స్ ఉంది, పశ్చిమ జర్మనీ ఉంది. ఏ ఒక్క దేశమూ సొంతంగా భరించలేని యంత్రాలు కట్టాలన్నది దాని ఉద్దేశం. భారతదేశం 2017లో అందులో అసోసియేట్ సభ్యత్వం పొందింది. అంతకు చాలా ముందు నుంచే టాటా ప్రాథమిక పరిశోధనా సంస్థ వంటి మన సంస్థల శాస్త్రజ్ఞులు అక్కడ పనిచేస్తున్నారు. అక్కడి ప్రయోగ బృందాలకు అధికారిక నామమే కొలాబరేషన్. ఒకటి అట్లాస్ కొలాబరేషన్, ఇంకొకటి సీఎంఎస్ కొలాబరేషన్. ల్యాబొరేటరీ అన్న మాట కూడా లాబొర్ బిడ్డే కాబట్టి మాట పుట్టింటికి చేరిందనుకోవచ్చు.

ఈ బృందాలు పేరు విషయంలో డ్యూమా కాలపు న్యాయాన్ని తలకిందులు చేశాయి. 27 కిలోమీటర్ల సొరంగంలో ప్రోటాన్లను ఢీకొట్టించి 2012లో హిగ్స్ కణాన్ని పట్టుకున్నాక, దాని ద్రవ్యరాశిని కచ్చితంగా లెక్కగట్టిన ఉమ్మడి పత్రం 2015లో అచ్చయింది. దానికి రచయితలు 5,154 మంది. 33 పుటల పత్రంలో 24 పుటలు పేర్లకు, సంస్థలకే సరిపోయాయి. పేర్లు అక్షరక్రమంలో ఉంటాయి. ప్రొఫెసరుకు, పరిశోధక విద్యార్థికి తేడా లేదు. ఇంటిపేరు రెండు 'ఎ'లతో మొదలవడం వల్ల ఒక శాస్త్రజ్ఞుడు వందలాది పత్రాల్లో మొదటి రచయితగా కనిపిస్తాడు. ఇది హాస్యాస్పదమని వాదించేవారున్నారు. ఎవరేం చేశారో తెలియని జాబితాలో పేరుకు విలువేముంటుందన్నది వారి ఆక్షేపణ. అందులో నిజం లేకపోలేదు. ఉద్యోగం కోసం దరఖాస్తు చేసుకునే యువశాస్త్రజ్ఞుడికి ఆ 24 పుటలు చేసే మేలు తక్కువ. అయినా డిటెక్టరు తీగలు కలిపినవారి పేరు తొలగించి పత్రం రాసినవారి పేరే ఉంచే ఏర్పాటు కంటే ఇది నయమని నా అభిప్రాయం.

పేరు ఇలా పంచుకున్నారు, బహుమతి మాటేమిటి? నోబెల్ నియమాల ప్రకారం విజ్ఞానశాస్త్రంలో ఒక బహుమతిని ముగ్గురికి మించి పంచరాదు. 2013లో అది 1964 నాటి సిద్ధాంతానికి గాను పీటర్ హిగ్స్‌కు, ఫ్రాంస్వా అంగ్లేర్‌కు దక్కింది. అట్లాస్, సీఎంఎస్ ప్రయోగాల పేర్లు ప్రశస్తివాక్యంలో చోటు చేసుకున్నాయి, బహుమతిలో కాదు. 2025 ఏప్రిల్లో మాత్రం బ్రేక్‌త్రూ బహుమతిని సెర్న్‌లోని నాలుగు కొలాబరేషన్లకు ఉమ్మడిగా ప్రకటించారు. మొత్తం 30 లక్షల డాలర్లు, అందుకున్నవారు 70కి పైగా దేశాలకు చెందిన 13,508 మంది పరిశోధకులు. తలా ఒక పాలు పంచుకుంటే మనిషికి 222 డాలర్లు వచ్చేది. అలా పంచుకోలేదు. ఆ సొమ్మును సెర్న్ ఆధ్వర్యంలోని ఒక నిధికి ఇచ్చేశారు. ఈ బృందాల్లో సభ్యత్వమున్న సంస్థల నుంచి పీహెచ్‌డీ విద్యార్థులు జెనీవాకు వచ్చి కొన్నాళ్లు అక్కడ పనిచేయడానికి దాన్ని ఖర్చుపెడతారు.